బరకానికి రెండో కొస

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వీధి చివర, పాత టైర్ల కొట్టును ఆనుకొని ఒక రేకుల చూరు ఉంది. ఆ చూరు కింద పాండురంగయ్య కూర్చుంటాడు. లారీల మీద కప్పే టార్పాలిన్లకు చిరిగినచోట మాసికలు వెయ్యడం, తాళ్ళు దూర్చే రింగులు ఊడినచోట కొత్త రింగులు బిగించడం ఆయన పని. టార్పాలిన్ అన్నది లారీవాళ్ళ మాట. కోతల రోజుల్లో ఉయ్యూరు వైపు నుంచీ దివిసీమ వైపు నుంచీ వచ్చే రైతులు 'బరకం' అంటారు. ఎవరేమన్నా వస్తువు ఒకటే, దాని జబ్బూ ఒకటే. గాలికి గుడ్డ లేస్తుంది, తాడు రింగును లాగుతుంది, రింగు తన చుట్టూ ఉన్న గుడ్డను చింపుకొని ఊడొస్తుంది. ఒకటి ఊడితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. అదీ ఎన్నాళ్ళో ఆగదు.

రింగు వెయ్యడం చూడ్డానికి తేలిక. అంచును మడిచి, మడతలో పాత బెల్టు ముక్క పెట్టి, కింద చింతమొద్దు ఆనించి కన్నం కొట్టాలి. ఆ కన్నం రింగు మెడకంటే కాస్త ఇరుకుగా ఉండాలి. అప్పుడే గుడ్డ రింగును గట్టిగా పట్టుకుంటుంది. ఇత్తడి రింగు రెండు ముక్కల్నీ కన్నానికి అటూ ఇటూ పెట్టి, డై అనే ఇనప అచ్చు ఆనించి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అంచు విచ్చుకొని పువ్వులా కూర్చుంటుంది. అసలు కష్టం రింగుతో కాదు, బరకంతో. లారీ మీద కప్పే గుడ్డ ఒక ఇంటి పైకప్పంత ఉంటుంది. ఒకరు కొడుతుంటే ఇంకొకరు అవతలి కొస లాగి పట్టుకోవాలి. లేకపోతే ముడతపడి కన్నం వంకర పోతుంది. మడత పెట్టడానికైతే ఇద్దరుండి తీరాలి. అందుకే ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్ళంతా జతలుగానే ఉంటారు, అన్నదమ్ములో, తండ్రీకొడుకులో, మామా అల్లుళ్ళో.

పాండురంగయ్య ఒక్కడే. అవతలి కొస మీద లారీ పాత బ్రేకు డ్రమ్ము ఒకటి పెట్టుకుంటాడు.

"ఒక మనిషిని పెట్టుకోరాదా బాబాయ్, నడుం పడిపోద్ది" అని టైర్ల కొట్టు సొలొమోను అప్పుడప్పుడూ అంటాడు.

"డ్రమ్ము నయం. మధ్యలో లేచిపోదు" అని పాండురంగయ్య నవ్వేస్తాడు.

సొలొమోను కాపురం గుణదలలో. ఏటా మేరీమాత తిరునాళ్ళకు రమ్మని పట్టుబట్టి పిలుస్తాడు. ఒక ఏడు పాండురంగయ్య వెళ్ళాడు. కొండ కింద జనం ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ పట్టుకొని, గుండు చేయించుకున్న పిల్లల్ని చంకనెత్తుకొని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. పది అడుగులు వేసేసరికి సొలొమోను కుటుంబం ఆ జనంలో కలిసిపోయింది. ఫోన్ చేసి అడిగితే ఎక్కడున్నారో చెప్పేవాడే. కానీ వాళ్ళు ఆ పూట నలుగురూ కలిసి కొండెక్కుతుంటే తనకోసం ఆగమనడం ఎందుకనిపించింది. మెట్ల పక్కన పొద్దుగూకేదాకా నిలబడి, చెరుకురసం తాగి నడుచుకుంటూ వచ్చేశాడు. మర్నాడు సొలొమోను "ఎక్కడ తప్పిపోయావు బాబాయ్, పొద్దుపోయేదాకా వెతికాం" అంటే, "నేనూ మీకోసమే వెతికా" అన్నాడు.

ఆయన ఉండే గది చూరుకు వెనకే. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, దండెం. వారంలో ఆరు రోజులు ఫర్వాలేదు. రేకులు సాగగొట్టే మోత, గ్రైండర్ల కీచు, వెల్డింగు వెలుగు, టీ కుర్రాళ్ళ కేకలు, వీటన్నిటి మధ్య మనిషికి తన సంగతి తనకు వినపడదు. ఆదివారం వీధంతా షట్టర్లు దించేస్తారు. ఆ రోజు ఆయన చొక్కాలు ఉతుక్కొని, అన్నం వండుకొని తినేసి, మధ్యాహ్నానికే చీకటి పడితే బాగుండుననుకుంటూ పడుకుంటాడు.

అలాగని ఆయనకు పెళ్ళి కాకపోలేదు.

పాండురంగయ్య పుట్టింది పెడనలో, నేతవాళ్ళ ఇంట్లో. ఆయనకు ఊహ తెలిసేసరికి ఇంట్లో రెండు మగ్గాలుండేవి. మీసాలొచ్చేసరికి ఒకటే మిగిలింది. దానికీ నూలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మేనమామ బెజవాడలో లారీ ట్రాన్స్‌పోర్టు గుమాస్తాగా ఉండేవాడు. ఆయన తీసుకొచ్చి టార్పాలిన్ల పనిలో పెట్టాడు. అదీ గుడ్డ పనేగదరా అన్నాడు. నేసిన చేతులకు కుట్టడం, మడవడం తొందరగానే పట్టుబడ్డాయి. కాస్త నిలదొక్కుకున్నాక చల్లపల్లి శివారు నేతవాళ్ళ పిల్ల భద్రమ్మనిచ్చి పెళ్ళి చేశారు.

భద్రమ్మ మాటకారి కాదు. వచ్చిన వారానికే, ఎవరూ చెప్పకుండానే, బరకం రెండో కొస వచ్చి పట్టుకుంది. కొంగు నడుముకు దోపుకొని, రెండు కాళ్ళూ ఎడంగా తన్నిపెట్టి, గుడ్డను బిర్రుగా లాగి "ఊఁ" అనేది. ఆ "ఊఁ" వినగానే పాండురంగయ్య సుత్తి దించేవాడు. ఇద్దరి మధ్యా అంత పొడుగు గుడ్డ పరుచుకొని ఉండేది. దాన్ని మడతపెట్టేటప్పుడు ఒక్కో మడతకూ నాలుగేసి అడుగులు దగ్గరికి వచ్చి, చివరికి ఎదురెదురుగా నిలబడేవాళ్ళు. అప్పుడు ఆమె ముఖాన పట్టిన చెమట చూసి ఆయన నవ్వేవాడు. ఆయన మీసం మీది దుమ్ము చూసి ఆమె నవ్వేది. ఏడాదిపైన అలా గడిచింది.

రెండో ఏడు ఆమెకు కడుపొచ్చింది. ఐదో నెలలో పోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో ఎవరో "ఈ మోతలో బిడ్డ ఎలా నిలబడుద్దమ్మా" అన్నారు. ఆ మాటలో నిజమెంతో ఎవరికీ తెలియదుగానీ భద్రమ్మ మనసులో అది నాటుకుంది. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా ఉలిక్కిపడేది. ఆమె అన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు పాండురంగయ్య భుజం మీద చెయ్యేసి, "తొందరేం లేదు బావా. కాస్త నెమ్మదైన చోట ఇల్లు చూసి, నువ్వే వచ్చి తీసుకెళ్ళు" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. పాండురంగయ్య కూడా అలాగే వస్తానన్నాడు.

ఇల్లు వెతికాడు. దొరికినవి పనికి దూరం, దగ్గరున్నవి మోత. ఈలోగా కోతలొచ్చాయి, ఊపిరాడని పని. కోతలయ్యాక వెళ్దామనుకున్నాడు. కోతలయ్యాక, ఇల్లు దొరక్కుండా ఏ ముఖం పెట్టుకొని వెళ్ళడం అనుకున్నాడు. ఏడాది తిరిగింది. చల్లపల్లి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన "వస్తాడా రాడా కనుక్కోమంది" అని భద్రమ్మ కబురు తెచ్చాడు. వచ్చే నెల వస్తానని చెప్పమన్నాడు. ఆ నెలా దాటిపోయింది. రోజులు పెరిగినకొద్దీ వెళ్ళడం మరీ కష్టమైంది. ఆలస్యానికి కారణం ఉంటే చెప్పుకోవచ్చు. ఆలస్యమైందన్న సిగ్గే కారణమైతే ఎవరికేం చెబుతాడు?

ఒకరోజు తెగించి ఒక చీర కొని, మల్లెపూలు పొట్లం కట్టించుకొని చల్లపల్లి మీదుగా వెళ్ళే అవనిగడ్డ బస్సెక్కాడు. ఉయ్యూరు దాటేదాకా బాగానే ఉంది. పామర్రు వచ్చేసరికి లేనిపోని ఆలోచనలు మొదలయ్యాయి. అన్న గుమ్మంలోనే నిలబెట్టి "ఇప్పుడు గుర్తొచ్చిందా" అంటే? ఆమె లోపలి నుంచి బయటికే రాకపోతే? పామర్రులో దిగిపోయాడు. బస్టాండులో పొద్దువాలేదాకా కూర్చొని, పూల పొట్లం అక్కడి బెంచీ మీదే వదిలేసి, వచ్చిన దారినే వెనక్కి వచ్చాడు. ఆ తరవాత మళ్ళీ ఆ దారి తొక్కలేదు. ఆమె నుంచి కూడా కబురు రాలేదు. విడిపోదామని ఎవరూ అనలేదు. పంచాయితీ జరగలేదు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నూనె అయిపోయిన దీపంలాగా ఆ కాపురం దానంతటదే కొడిగట్టింది. ముప్పై ఏళ్ళు దాటాయి.

చల్లపల్లి వైపు నుంచి పిలుపులు రాకపోలేదు. కోతల రోజుల్లో ధాన్యం మిల్లులవాళ్ళు మనుషుల్ని పంపేవాళ్ళు, పాత బరకాలన్నీ అక్కడికే వచ్చి బాగుచెయ్యమని. గుడివాడ వెళ్ళేవాడు, నూజివీడు వెళ్ళేవాడు. చల్లపల్లి పేరెత్తితే మాత్రం నడుం నొప్పో, చేతినిండా పనో అడ్డం వచ్చేది.

పోయిన సార్వా వరికోతల్లో ఆ సాకులు పనిచెయ్యలేదు.

బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారుతోందని రెండు రోజుల నుంచీ టీవీల్లో చెబుతున్నారు. డెల్టాలో వరి సగం యంత్రాలతో కోసేశారు. ధాన్యం ఇంకా పచ్చిమీద ఉంది. ఎక్కడ చూసినా రోడ్ల పొడుగునా ఆరబోసి ఉంది. బజారులో కొత్త బరకాలు దొరకడం లేదు. పాతవి అటకల మీంచి దించితే ఎలుకలు కొట్టినవి కొన్ని, రింగులు లేనివి కొన్ని. పొద్దున్నే సురేష్ అనే ఆయన చిన్న ట్రక్కు తీసుకొని చూరు ముందు ఆగాడు. చల్లపల్లి దగ్గర ఒక మిల్లులో సూపర్‌వైజరు, ముప్పై అయిదేళ్ళ మనిషి. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"బాబాయ్, సామాను ఎక్కించుకో. మిల్లు కాడ బరకాలు ఒక్కదానికీ రింగుల్లేవు. గాలొస్తే గాలిపటాల్లా లేచిపోతయ్."

"నా వల్ల కాదయ్యా. వేరేవాళ్ళని చూసుకో."

"వీధంతా అడిగొచ్చా. అందరూ నిన్ననే పోయారు, ఎవరి ఊరికి వాళ్ళు పట్టుకెళ్ళారు. నువ్వొక్కడివే ఉన్నావ్." సురేష్ చేతులు పట్టుకున్నాడు. "మిల్లు సంగతి పక్కనబెట్టు బాబాయ్. మా చుట్టుపక్కల రైతులవి కూడా అక్కడే రాశులు పడున్నయ్. తడిస్తే మొలకలొస్తయ్. ఎవడు కొంటాడు?"

పాండురంగయ్య ఆకాశం వైపు చూశాడు. తూర్పున బూడిదరంగు మబ్బు అడ్డంగా పడుకొని ఉంది. సుత్తి, డై, కన్నం కొట్టే పంచ్, చింతమొద్దు, రింగుల డబ్బా గోతంలో వేసుకొని ట్రక్కు ఎక్కాడు. పామర్రు సెంటర్ దాటుతుంటే కళ్ళు మూసుకున్నాడు. సురేష్, ముసలాయన కునుకు తీస్తున్నాడనుకున్నాడు.

మిల్లు ఆవరణలో నలుగురు హమాలీలు బరకాలు పరిచి పట్టుకుంటే పాండురంగయ్య కొట్టుకుంటూ పోయాడు. తల ఎత్తలేదు. తల ఎత్తితే ఎవరి ముఖమైనా తెలిసిన ముఖంలా కనిపిస్తుందేమోనని భయం. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. మిల్లు గేటు ముందు రోడ్డు మీద రైతులు గోతాలతో, పారలతో పరుగులు పెడుతున్నారు. అప్పుడు వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఏవండీ, నా బరకానికి కూడా రింగులు వేసిపెడతారా? రోడ్డు మీద రాశి పోసుకున్నా."

'ఏవండీ' అన్నది ఆ ప్రాంతంలో ఎవరు ఎవరినైనా పిలిచే పిలుపు. బస్సు కండక్టర్నీ, కూరలబండివాణ్ణీ, ముక్కూమొహం తెలియనివాణ్ణీ అలాగే పిలుస్తారు. కట్టుకున్నవాణ్ణీ అలాగే పిలుస్తారు. పాండురంగయ్య చేతిలో సుత్తి ఆగిపోయింది.

తిరిగి చూశాడు. జుట్టు సగానికి పైగా నెరిసింది. తలకు తువ్వాలు చుట్టుకుంది, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది, మోకాళ్ళదాకా ఊక దుమ్ము. నుదుట బొట్టు. మెడలో నల్లపూసలు. చంకలో మడత విడిపోయిన నీలంరంగు బరకం. భద్రమ్మ ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. కాసేపు ఆయన ముఖంలోకి చూసి, "మీరేనని పొద్దున్నే తెలిసింది" అంది.

హడావుడిగా వచ్చిన సురేష్, "అమ్మా, మిల్లువి అయ్యాకే బయటివి. ముందు మనవి కానియ్ బాబాయ్" అన్నాడు.

"ఇదీ మనదేనయ్యా" అన్నాడు పాండురంగయ్య. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. సురేష్‌కు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. సామాను గోతంలో వేసుకొని పాండురంగయ్య ఆమె వెనకే నడిచాడు.

రాశి రోడ్డు పక్కన, కాలవ గట్టుకు దగ్గర్లో ఉంది. పెద్దదేం కాదు. తల్లి తరఫున వచ్చిన ఎకరం చెక్కలో పండిన పంట. బరకం పరిచి చూస్తే ఒక వైపు రింగులన్నీ ఊడి ఉన్నాయి. పాండురంగయ్య మొద్దు పెట్టుకొని కూర్చున్నాడు. భద్రమ్మ అవతలి కొసకు వెళ్ళి, కాళ్ళు ఎడంగా తన్నిపెట్టి, గుడ్డ బిర్రుగా లాగి పట్టుకుంది.

"ఊఁ" అంది.

ఆయన సుత్తి దించాడు. మొదటి దెబ్బ పక్కకు పడింది. రెండో రింగు నుంచీ చెయ్యి కుదిరింది. గాలి హోరుకు గట్టిగా అరిచినట్టు మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"పొద్దున్నే తెలిస్తే పొద్దున్నే రాలేకపోయావా? ఇంత ముంచుకొచ్చాకా?"

"బెజవాడ నుంచి టార్పాలిన్ ఆయనొచ్చాడు, పెడన మనిషంట, అన్నారు. మీరే అయ్యుంటారని రాలేదు. నా కొస నేనే కట్టుకుందామని చూశా. గాలి ఆగనిస్తేగా."

"నేనూ అంతే. చల్లపల్లి అంటే రానని చెప్పేవాణ్ణి ఇన్నాళ్ళూ."

"ఎందుకనీ?"

ఆయన రెండు దెబ్బలు వేసి, ఇంకో రింగు తీసుకున్నాడు. "మీ అన్న ఏమంటాడోనని."

"మా అన్న పోయి పదేళ్ళు దాటింది."

సుత్తి మళ్ళీ ఆగింది. "నాకు తెలీదు భద్రా."

"మీకెవరు చెబుతారు? కానివ్వండి, చినుకు పడుతోంది."

నిజంగానే చినుకులు మొదలయ్యాయి, బరకం మీద ఎవరో పిడికెడు పెసలు విసిరినట్టు చప్పుడు. ఆఖరి రింగు బిగించి ఇద్దరూ చెరో కొస పట్టుకొని పరిగెత్తారు. గుడ్డ గాల్లోకి తెరచాపలా లేచింది. ఆమె తన కొస వదల్లేదు. లాక్కొచ్చి రాశి మీద దించారు. ఆయన తాళ్ళు దూర్చి, నేలలో కొట్టిన మేకులకు బిగించాడు. ఆమె అంచుల పొడుగునా ఇటుకలు పేర్చింది. అయ్యేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, "పొద్దుగూకుతోంది, మిల్లుకు వెళ్ళండి. అక్కడ గోదాములో ఉండనిస్తారు" అంది. రమ్మంటుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. ఆమె అప్పటికే వీధి వైపు తిరిగింది.

ఆ రాత్రీ, మర్నాడంతా తుఫాను కొట్టింది. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. పాండురంగయ్య ధాన్యం బస్తాల మధ్య పడుకొని, గాలి ఊపందుకున్నప్పుడల్లా ఆ ఒక్క రాశి గురించే ఆలోచించాడు. మూడోనాడు తెరిపిచ్చింది. వెళ్ళేసరికి భద్రమ్మ రాశి దగ్గరే ఉంది. ఎదురుచూస్తున్నట్టు లేదు. అలాగని తను లేకుండా విప్పడమూ మొదలుపెట్టలేదు. ఇద్దరూ కలిసి తాళ్ళు విప్పి బరకం తీశారు. కాలవ వైపు కింద మూరెడు మేర నీరు పట్టింది. మిగతాదంతా పొడిగా, వెచ్చగా ఉంది. భద్రమ్మ మోచేతిదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, గుప్పెడు గింజలు తీసి చూసుకొని, తల ఊపింది.

"అన్నం తిని వెళ్ళండి" అంది.

ఆమె ఇల్లు ఒక గది, ఒక వసారా. వసారాలో పీట వేసి, చారూ, వేయించిన ఊరమిరపకాయలూ, మజ్జిగా పెట్టింది. ఆయన తింటుంటే గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

"ఒకసారి బయల్దేరా భద్రా. చీర కూడా కొన్నా. పామర్రు దాకా వచ్చా."

ఆమె నెమ్మదిగా, "పామర్రు దాకా వచ్చి..." అంది. "అక్కణ్ణుంచి ఎంత దూరమండీ?"

ఆయన అన్నం కలుపుతూనే ఉండిపోయాడు. ఆమే అంది. "అప్పుడు నేనైనా రావచ్చు. మా అన్న తోడు రానన్నా నేను బస్సెక్కి రావచ్చు. మీరొచ్చి తీసుకెళ్తానన్నారుగా, మీరే రావాలని పంతం పట్టుక్కూర్చున్నా. ఆ పంతం ఎన్నేళ్ళుందో. వీధిలో బస్సు ఆగినప్పుడల్లా కోపం వచ్చేది. తరవాత్తరవాత అదీ పోయింది. పోయాకే తెలిసింది, ఆ కోపమైనా నాకు తోడుగా ఉండేదని."

పాండురంగయ్య చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "ఇప్పుడొచ్చేయరాదా?" అన్నాడు. "లేకపోతే నేనే ఇక్కడికొస్తా. ఈ పని ఎక్కడైనా చేసుకోవచ్చు."

భద్రమ్మ వాకిట్లోకి చూసింది. వాకిట్లో తుఫానుకు పడిన మునగకొమ్మ అడ్డంగా ఉంది. "వద్దండీ" అంది. గొంతులో కాఠిన్యం లేదు. "నాకు ఒక్కదాన్నే ఉండటం అలవాటైపోయింది. మా మేనకోడలు వచ్చి నాలుగు రోజులుంటేనే నిద్ర పట్టదు, ఎప్పుడెళ్ళిపోద్దా అనుకుంటా. మీకూ అంతే అయ్యుంటది. మీరు ఒప్పుకోరుగానీ."

ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"పేరంటానికి పిలుస్తారు నన్ను" అంది ఆమె. "మీ ఆయన ఏం చేస్తాడు అని కొత్తవాళ్ళెవరైనా అడుగుతారు. బెజవాడలో టార్పాలిన్ల పని అంటా. ఉన్నారో లేదో తెలీకుండానే అంటూ వచ్చా. ఇకనుంచి తెలిసే చెబుతా. అది చాలు."

రోడ్డు తెరుచుకుందని వీధిలోంచి సురేష్ కేకేశాడు. బయల్దేరుతుంటే భద్రమ్మ తన ఫోన్ తెచ్చి, "మీ నంబరు చెప్పండి, మిస్డ్ కాల్ ఇస్తా. బరకానికేమైనా అయితే..." అంది. పాండురంగయ్య జేబులో ఫోన్ ఒకసారి మోగి ఆగింది. పేరు ఎక్కించుకోవడం ఆయనకు రాదు. ట్రక్కులో సురేష్ అడిగాడు, ఏమని పెట్టను బాబాయ్ అని. 'ఇల్లు' అని పెట్టమందామనుకొని, మళ్ళీ ఆలోచించి, "భద్రమ్మ అని పెట్టు" అన్నాడు.

తిరుగుదారిలో ట్రక్కు పామర్రులో టీకి ఆగింది. పాండురంగయ్య కిందికి దిగలేదు.

ఆటోనగర్‌లో మళ్ళీ మామూలే. తుఫానుకు చిరిగిన బరకాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. సంక్రాంతి దాకా తల గోక్కోవడానికి తీరిక లేదు. ఆ తరవాత పని పలచబడింది. మునుపు ఒంటరితనం అంటే ఆయనకు వీధిలో మోతలాంటిది, ఎప్పుడూ ఉండేది కాబట్టి వినపడేది కాదు. ఇప్పుడు వినపడుతోంది. గిన్నెలో అన్నం ఒక్కడికే వార్చుకుంటుంటే, గుమ్మానికానుకొని ఒక మనిషి నిలబడి చూస్తున్నట్టుంటుంది. తిరిగి చూడడు. మంచం మీద పడుకొని, ఆమె అన్నది నిజమేనా, పక్కన మనిషి ఉంటే తనకూ నిద్ర పట్టదా అని ఆలోచిస్తాడు. తేలదు. తేల్చుకునే అవకాశం తనే పోగొట్టుకున్నాడు.

ఫోన్ చెయ్యాలని ఎన్నోసార్లు తీశాడు. ఏం చెప్పాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. సొలొమోను చూసి, "ఎవరికి బాబాయ్?" అంటే, "చల్లపల్లిలో ఒకళ్ళకి బరకం వేశా, ఎలా ఉందో అడుగుదామని" అన్నాడు. "అడగడానికేముంది?" అన్నాడు సొలొమోను. నిజమే, అడగడానికేమీ లేదు.

మాఘం చివర్లో ఒక సాయంత్రం ఫోన్ మోగింది. అక్షరాలు కూడబలుక్కొని చదువుకొని ఎత్తాడు.

"నేనండీ."

"ఆఁ, చెప్పు."

"మినుము పీకేశాం. కుప్ప వేసి కప్పా. బరకం బానే ఉంది, రింగు ఒక్కటీ కదల్లేదు."

"ఎండలో వదిలెయ్యమాక. ఎండకు గట్టిపడి పగులుద్ది."

"సరే."

అవతల ఎక్కడో గేదె అరిచింది. ఇవతల ఎవరో రేకు సాగగొడుతున్నారు. ఆ మోత ఆమెకు వినపడుతుందేమోనని పాండురంగయ్య ఫోను అరచేత్తో కప్పి గోడ వైపు తిరిగాడు.

"తిన్నారా?" అంది.

"ఇంకా లేదు. వండుకోవాలి."

"పొద్దుపోతోంది. వండుకోండి మరి."

ఫోన్ పెట్టేసింది. ఆయన ఇంకాసేపు దాన్ని చెవి దగ్గరే పెట్టుకొని నిలబడ్డాడు. ఆ తరవాత లోపలికి వెళ్ళి బియ్యం కడిగాడు.